మేజోళ్ళ జత

మనుష్యుడు ధరించు వస్త్రములలో మేజోడు మిక్కిలి అల్పమైనది. తలపాగకు గల గౌరవము దానికి లేదు. ఉత్తరీయమునకు గల యందము దానికి లేదు. అది బూటులో దాగి, చెమటలో తడిసి, చిరిగిన పిమ్మట మూలబడును. అయినను దానియందొక విశేషము కలదు. మేజోడు ఒంటరిగా నుపయోగపడదు. ఒకటి పోయినచో రెండవది వ్యర్థము. తెలుగున దాని పేరులోనే 'జోడు' అను మాట వినబడుచున్నది. జతగా పుట్టి, జతగా నడచి, జతగా అరిగిపోవు ఈ చిన్న వస్తువును పరుల కొఱకు అల్లిన వారి చరిత్రమును, ఆ పనివలన వారిలో వారికి గలిగిన స్నేహముల తీరును తెలిసికొనదగియున్నవి.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములవారికి మేజోళ్ళ ముచ్చట యేల యని తోచవచ్చును. తూర్పున నల్లమల కొండలు, పడమట నల్లరేగడి చేలు, నడుమ వేసవియందు 40 డిగ్రీలు దాటు ఎండ. అహోబిల నరసింహస్వామిని సేవింపవచ్చు యాత్రికులు వట్టి పాదములతో కొండ యెక్కుదురు. ఇట్టి చోట పాదములకు వెచ్చని తొడుగుతో పని తక్కువ. కాని మేజోటికి మూలమైన దారముతో ఈ సీమకు పాత చుట్టరికము కలదు. రేగడినేల ప్రత్తికి పుట్టినిల్లు. నంద్యాలలో 1906వ సంవత్సరమున వ్యవసాయ పరిశోధన క్షేత్రము వెలసినది. 'నరసింహ' అను ప్రత్తి రకము అచ్చటనే రూపొందినది. గొఱ్ఱెల బొచ్చుతో నేసిన గొంగళి రాయలసీమ కాపరి భుజముపై నేటికిని కానవచ్చును. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఆళ్ళగడ్డ ఆ జిల్లాలోనిదే.

ఆళ్ళగడ్డ శిల్పులకు ప్రసిద్ధిచెందిన యూరు. అచ్చటి శిల్పి రాతిని ఉలితో చెక్కి, అక్కఱలేని భాగమును తొలగించి, విగ్రహమును వెలికి తీయును. ఉలి దెబ్బ తప్పినచో రాయి మరల అతుకుకొనదు. అల్లికపని దీనికి సరిగా ఎదురైనది. అందు తొలగించుట లేదు, కోయుట లేదు. ఒకే దారమును ఉచ్చులుగా మలచుచు పోవుటయే పని. పొరపాటు జరిగినచో దారమును లాగి, ఉచ్చులను విప్పి, మరల మొదలిడవచ్చును. దారము చెడదు, కాలము మాత్రము పోవును. ఓర్పు గలవాని కిది గొప్ప వరము.

నేతకును అల్లికకును భేదము తెలిసికొనవలెను. మగ్గముపై నేసిన బట్టలో పడుగు, పేక యని రెండు వరుసల దారము లుండును. అవి యొకదానిపై నొకటి అడ్డముగా సాగును. అల్లికలో దారమొక్కటే. ఆ దారము సూదిపై నొక ఉచ్చుగా నిలుచును. ఆ ఉచ్చులోనుండి రెండవ ఉచ్చును, దానిలోనుండి మూడవదానిని లాగుచుందురు. ప్రతి ఉచ్చును తన క్రింది ఉచ్చును పట్టుకొని, తన పై ఉచ్చునకు ఆధారమై నిలుచును. ఒక్కటి జారిన క్రిందివన్నియు నిచ్చెన మెట్లవలె వరుసగా విడిపోవును. ఉచ్చులు సాగి మరల యథాస్థితికి వచ్చును గనుకనే అల్లిన వస్త్రము మడమ దాటి పాదమునకు ఎక్కి, తొడిగిన పిమ్మట ఒంటికి అంటుకొని నిలుచును. నేసిన గుడ్డతో కుట్టిన సంచి ఇట్లు నిలువదు.

చేతితో మేజోడు అల్లు విధము వినుటకు చిక్కుగా తోచినను చూచిన సులభమే. రెండుకొనలును సన్నగా నుండు సూదులు నాలుగైనను ఐదైనను కావలెను. ఒక సూదికి తప్ప తక్కినవానికి ఉచ్చులను పంచి, వానిని త్రికోణముగనో చతురస్రముగనో అమర్చి, మిగిలిన సూదితో చుట్టును అల్లుచు పోవుదురు. అపుడు వస్త్రము గొట్టము వలె దిగును. పైయంచున రెండు ఉచ్చులు ఎదురుగను, రెండు ఉచ్చులు తిరుగగను అల్లుటచే అది బిగువుగా పట్టుకొనును. మడమ వచ్చినపుడు గొట్టమును ఆపి, సగము ఉచ్చులపై మాత్రమే ముందునకును వెనుకకును అల్లి ఒక చదరపు పలకను చేయుదురు. పిమ్మట ఆ పలక చివర వరుసలను పూర్తి చేయక నడుమనే త్రిప్పుచు వచ్చినచో అది గిన్నె వలె వంగును. చదునైన అల్లిక మడమ యాకారము దాల్చు ఈ ఘట్టమే మేజోటి పనిలో ఆయువుపట్టు. అటుపిమ్మట పలక అంచులనుండి ఉచ్చులను ఎత్తుకొని, మరల గొట్టముగా పాదము పొడవున అల్లి, వ్రేళ్ళకడ క్రమముగా తగ్గించి ముగింతురు.

ఇందలి శ్రమను లెక్కించి చూడవచ్చును. చుట్టునకు 56 ఉచ్చులు, అంగుళమునకు 10 వరుసలు అనుకొన్నచో, 15 అంగుళముల పొడవు గల గొట్టమునకు 150 వరుసలగును. 150ని 56చే గుణింపగా 8,400 ఉచ్చులు. జతకు 16,800. ఇన్ని పర్యాయములు చేయి కదలిననే గాని ఒక మనుష్యుని రెండు పాదములు కప్పబడవు.

పాదములకు తొడుగు లల్లు విద్య చాల ప్రాచీనము. ఐగుప్తు దేశమున ఆక్సిరింకస్ అను పురాతన నగరపు త్రవ్వకములలో క్రీస్తుశకము 250కిని 420కిని నడుమ కాలమునకు చెందిన ఉన్ని మేజోళ్ళు లభించినవి. చెప్పు పట్టెడ పట్టుటకు వీలుగా వానిలో బొటనవ్రేలికి వేఱుగా అర యున్నది. అవి ఒంటిసూదితో ముడివలె కుట్టిన పాతపద్ధతివి. రెండు సూదుల నిజమైన అల్లికకు నిదర్శనములుగా నిలిచినవి ఆ ఐగుప్తు దేశముననే దొరికిన ప్రత్తినూలు మేజోళ్ళు. అవి రమారమి 11వ శతాబ్దమునుండి 14వ శతాబ్దము వఱకు గల కాలమునాటివి. నీలిరంగు, తెలుపు దారములతో చిత్రవిచిత్రముగా అల్లినవి. ప్రత్తియు నీలిమందును కర్నూలు, కడప మండలములందును ఒకప్పుడు విరివిగా పండిన పంటలే. 1589వ సంవత్సరమున ఇంగ్లండులో విలియం లీ యనునతడు మేజోళ్ళు అల్లు యంత్రమును నిర్మించెను. నాటినుండి యంత్రము వృద్ధిపొందుచు వచ్చినది. నేడు మేజోళ్ళలో దాదాపన్నియు యంత్రముననే పుట్టుచున్నవి.

యంత్రము లుండగా చేతి యల్లికకు గొప్ప యవసరము మొదటి ప్రపంచయుద్ధకాలమున గలిగినది. 1914వ సంవత్సరపు శీతకాలమున ఫ్రాన్సు, బెల్జియము దేశములలో సైనికులు నేలలో త్రవ్విన కందకములందు వారములకొలది నిలిచి పోరాడిరి. కందకములలో మోకాటిబంటి బురద. బూట్లు ఆరవు, మేజోళ్ళు ఆరవు. చల్లని నీటిలో నానిన పాదములకు రక్తప్రసారము తగ్గి, స్పర్శ పోయి, చర్మము నలుపెక్కి, కడకు క్రుళ్ళుట కారంభించెడిది. కొందఱకు వ్రేళ్ళను, కొందఱకు పాదమునే తొలగింపవలసి వచ్చెను. ఆ యొక్క శీతకాలముననే బ్రిటిషు సైన్యమున దాదాపు 20,000 మంది ఈ వ్యాధికి లోనైరి. దీనికి ఔషధముకన్న నివారణమే మేలని వైద్యులు గ్రహించిరి. పాదములను తుడిచి, నూనె మర్దించి, పొడి మేజోళ్ళు తొడుగవలెను. దినమున కొకపరియైనను వానిని మార్చవలెను. అనగా ఒక్కొక్క సైనికునకు ఒక జత చాలదు. పలు జతలు కావలెను.

ఉన్నినే కోరుటకు కారణము కలదు. ప్రత్తినూలు చెమటను త్వరగా పీల్చును గాని, తడిసిన పిదప చల్లబడి పాదమునకు అంటుకొనిపోవును. ఉన్ని కొంత తడిసినను వేడిని నిలుపుకొనును. సాగినను మరల బిగియును. అందుచే 1914వ సంవత్సరమున మేరీ మహారాణి సైనికులకై మూడులక్షల జతల ఉన్ని మేజోళ్ళను, మూడులక్షల నడికట్లను సమకూర్పవలసినదని స్త్రీలను కోరెను. రైళ్ళలోను, సభలలోను, పాఠశాలలలోను స్త్రీలును బాలికలును అల్లుచు కానవచ్చిరి. పిమ్మట అమెరికాలో రెడ్‌క్రాసు సంఘమువారును ఇట్లే పిలుపు నిచ్చిరి. అచ్చటి అధ్యక్షుడు వుడ్రో విల్సను తన భవనపు పచ్చికలో గొఱ్ఱెలను మేపించి, ఆ యున్నిని వేలము వేయించి, వచ్చిన ధనమును రెడ్‌క్రాసున కిప్పించెను. మేజోటి ముందుభాగమున ముడి గట్టిగా నిలిచినచో నడచునపుడు వ్రేళ్ళు ఒరసికొని పుండగును. ముడి తెలియకుండ రెండంచులను కలుపు కుట్టునకు నాటి సేనాని కిచెనరు పేరు నిలిచినది; అతడే దానిని కనిపెట్టెనని చెప్పుకొను కథకు మాత్రము ఆధారము లేదు.

ఆ యుద్ధమున భారతీయ సైనికులును ఉండిరి. 1914వ సంవత్సరము సెప్టెంబరు మాసాంతమున మన దేశపు దళములు ఫ్రాన్సులోని మార్సేల్సు రేవున దిగినవి. వారిలో పెక్కుమందికి ఒంటిమీద నున్నవి ఉష్ణదేశమునకు తగిన పలుచని నూలుదుస్తులు. వారు ఎఱుగని చలి. వారు ఎఱుగని మంచు. వారికి వెచ్చని వస్త్రములు సమకూర్చుటకు లండనులో పలువురు పూనుకొనిరి. అట్టివారిలో హైదరాబాదు ఆడపడుచు, తెలుగింటి కోడలు సరోజినీ నాయుడు ఒకరు.

యుద్ధము ప్రారంభమైన రెండుదినములకు, 1914వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన, గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికానుండి లండను చేరెను. అప్పటి కాయన నింకను మహాత్ముడని లోకము పిలుచుట లేదు. సరోజినీదేవి యాయనను చూడబోయెను. కెన్సింగ్టను ప్రాంతమున నొక పాతయింటి మేడమెట్లెక్కి చూడగా, గుండు చేయించుకొన్న యొక చిన్నపాటి మనుష్యుడు నేలపై కంబళి పఱచుకొని, కొయ్యగిన్నెలో చిదిపిన టమేటాలు తినుచుండెను. చుట్టును వేరుసెనగపప్పుల డబ్బా లుండెను. ఆ దృశ్యమును చూచి యామె పకపక నవ్వెను. ఆయనయు నవ్వెను. ఆ నవ్వే వారి పరిచయమునకు నాంది.

నవ్వుతో మొదలైన పరిచయము పనితో స్నేహమైనది. లండనులో లైసియము అను మహిళాసంఘము సైనికులకు వస్త్రములు సిద్ధము చేయుటకు పూనుకొనెను. సరోజినీదేవి అందు సభ్యురాలు. ఆమె కొలతల ప్రకారము కత్తిరించిన బట్టల గుట్టను గాంధీ ముందు పెట్టి, వీనినెల్ల కుట్టించి తిరిగి యిమ్మని కోరెను. ఆయన సంతోషముతో నంగీకరించెను. ఒక వైపున క్షతగాత్రుల సేవకై ప్రథమచికిత్స నేర్చుకొనుచునే, వేఱొక వైపున మిత్రుల సాయముతో సాధ్యమైనన్ని బట్టలను కుట్టించి యిచ్చెను. ఈ సంగతిని ఆయనయే తన యాత్మకథలో వ్రాసికొనెను. అవి మేజోళ్ళు కావు. సూదిదారములతో కుట్టిన దుస్తులు. అయినను పని స్వభావ మొక్కటే. ఎన్నడును చూడని వాని శరీరమునకు చలి తగులకుండ చేయుటకై ఇరువురు చేతులు కలిపిరి. ఆ స్నేహము ముప్పదినాలుగు వత్సరములు నిలిచినది. 1925వ సంవత్సరమున సరోజినీదేవి కాన్పూరు కాంగ్రెసు కధ్యక్షురాలయ్యెను. 1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహమున గాంధీ నిర్బంధింపబడిన పిదప ధరాసన వద్ద సత్యాగ్రహులను నడిపెను.

దారమునకు మనుష్యులను కలుపు శక్తి గలదని గాంధీ బాగుగా నెఱిగినవాడు. 1924వ సంవత్సరమున బెల్గాము కాంగ్రెసులో సభ్యత్వమునకు రొక్కమునకు మాఱుగా నెలకు 2,000 గజముల నూలు చెల్లింపవలెనని నియమ మేర్పడెను. పేద లిచ్చు నూలునకును ధనికు లిచ్చు నూలునకును వెల యొక్కటే. రాట్నము ముందు న్యాయవాదియు కూలివాడును ఒకే తీరున కూర్చుండవలెను. ఈ నియమము చిరకాలము నిలువలేదు గాని, దాని వెనుకనున్న తలంపు మిక్కిలి లోతైనది.

చేతిపని స్నేహమున కేల తావగును? కారణము లున్నవి. మాట కొఱకే యిరువురు ఎదురెదురుగా కూర్చున్నపుడు మాట తడబడును, మౌనము బరువగును. చేతులలో పని యున్నపుడు చూపు పనిమీద నుండును. మాట వచ్చినపుడు వచ్చును, రానపుడు మానును. ఎవ్వరికిని సంకోచము కలుగదు. మన పల్లెలలో స్త్రీలు అరుగులమీద కూర్చుండి వత్తులు చేయుచు, పూలు కట్టుచు, విస్తళ్ళు కుట్టుచు కష్టసుఖములు చెప్పికొనుట ఇందుకు దృష్టాంతము. నోట పెగలని దుఃఖము చేయి కదలుచున్నపుడు మెల్లగా వెలికి వచ్చును. రెండవ కారణము: అల్లికను పుస్తకము చూచి నేర్చుకొనుటకన్న ప్రక్కనున్నవారి చేతిని చూచి నేర్చుకొనుట సులభము. నేర్పువాడు నేర్చువాని చేతిని పట్టి చూపవలెను. అవ్వకు తెలిసిన మడమ మలుపు మనుమరాలికి తెలియదు. మనుమరాలి కంటికి కనబడు జారిన ఉచ్చు అవ్వ కంటికి కనబడదు. ఇరువురికి నొకరితో నొకరికి పని యున్నది. మూడవ కారణము: అందఱి పొరపాట్లును అందఱి యెదుటనే విప్పబడును. పది వరుసలు విప్పి మరల అల్లువానిని చూచి నవ్వుటకు ఎవరికిని ధైర్యము చాలదు; రేపు తన వంతు.

ఈ విషయము స్పష్టమగుటకు ఒక ఉదాహరణమును ఊహింపవచ్చును. నంద్యాలలో నొక బాలిక కుడి మేజోటిని, ఆళ్ళగడ్డలో నింకొక బాలిక ఎడమ మేజోటిని అల్లుటకు ఒప్పుకొన్నారనుకొందము. రెండూళ్ళ నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. ఇరువురును ఒకే దారము కొనిరి. ఇరువురును 56 ఉచ్చులతో మొదలిడిరి. నంద్యాల బాలిక చేయి బిగువు. ఆమె యల్లికలో అంగుళమునకు 7 ఉచ్చులు పట్టును. 56ను 7చే భాగింపగా 8 అంగుళముల చుట్టుకొలత. ఆళ్ళగడ్డ బాలిక చేయి వదులు. ఆమె యల్లికలో అంగుళమునకు 6 ఉచ్చులే. 56ను 6చే భాగింపగా తొమ్మిది అంగుళములకు పైబడిన చుట్టుకొలత. లెక్క యొక్కటి, దార మొక్కటి. కాని మేజోళ్ళు జత కావు. ఒకటి పట్టుకొనును; ఒకటి జారిపోవును.

దీనికి మార్గ మేమి? ముందుగా ఇరువురును నాలుగు అంగుళముల చదరపు నమూనా నొకదాని నల్లి, ఒకరి కొకరు పంపికొనవలెను. ఉచ్చులు లెక్కించి చూచుకొనవలెను. వదులుగా నల్లు బాలిక కొంచెము సన్నని సూదులను తీసికొనవలెను. బిగించి యల్లు బాలిక కొంచెము లావు సూదులను తీసికొన్నను తీసికొనవచ్చును. ఎవరో యొకరు, లేదా ఇరువురును, తమ యలవాటును సడలించుకొననిదే జత కుదురదు. అదియు ఒక్కమాటు చాలదు. పైయంచు ముగిసినపుడు, మడమ త్రిప్పినపుడు, వ్రేళ్ళకడ తగ్గించునపుడు మరల మరల సరిచూచుకొనవలెను. జత పూర్తియగునప్పటికి ఆ యిరువురు బాలికలు ఒకరి చేతి తీరు నొకరు, తమ చేతి తీరును తెలిసికొనియుందురు. స్నేహమనగా నిదియే గదా! ఎదుటివాని కొలత తెలిసికొని, తన కొలతను కొంత సరిదిద్దుకొనుట.

అల్లికవలన మేలే గాని కీడు లేదని యనుకొనరాదు. ఆంధ్రదేశముననే గోదావరి తీరమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో కొక్కెపు సూదితో లేసు అల్లు పరిశ్రమ కలదు. 19వ శతాబ్దమున స్కాట్లండునుండి వచ్చిన క్రైస్తవ ప్రచారకులు అచ్చటి స్త్రీలకు ఈ విద్యను నేర్పిరి. క్రమముగా అది వేలకొలది కుటుంబములకు వ్యాపించినది. వారల్లిన లేసు సముద్రములు దాటి విదేశములకు పోయినది. 2024వ సంవత్సరమున నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను జర్మను దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు మారియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథమున ఒక చేదునిజమును చూపెను. ఆ స్త్రీలు దినమునకు చాల గంటలు అల్లుచున్నను, లోకము వారిని పనివారలనుగా గాక, తీరికవేళ ప్రొద్దుపుచ్చు గృహిణులనుగా నెంచుచున్నది. అందుచే వారికి ముట్టు కూలి మిక్కిలి తక్కువ. లాభము నడిమి వర్తకులకు చేరుచున్నది. ఎవరి యింటిలో వారు విడివిడిగా కూర్చుండి అల్లునపుడు తోటివారికి కూలి యెంత ముట్టుచున్నదో తెలియుట కష్టము. కలసి కూర్చున్నపుడు ఆ లెక్కయు బయటపడును. కావున కలసి యల్లుట మనసునకే గాక న్యాయమునకును తోడ్పడును.

ప్రీతితో ఉచితముగా ఇచ్చుట వేఱు. శ్రమకు తగిన వెల లేక ఇచ్చుకొనవలసి వచ్చుట వేఱు. ఇచ్చువాడు తానై ఇచ్చిననే అది దానము.

ఇటీవలి కాలమున కలసి యల్లుటకు గొప్ప నిదర్శనము చెన్నపట్టణమున కానవచ్చినది. సుభాశ్రీ నటరాజను అను మహిళ ప్రోత్సాహమున వేయిమందికి మించిన స్త్రీలు ఎవరి యింట వారు కొక్కెపు సూదితో దుప్పటి ముక్కలను అల్లిరి. 2016వ సంవత్సరము జనవరి 31వ తేదీన ఆ ముక్కల నన్నిటిని నేలపై పఱచి ఒక్కటిగా కలిపిరి. ఆ దుప్పటి విస్తీర్ణము 11,148.5 చదరపు మీటర్లు. ప్రపంచమున అన్నిటికన్న పెద్ద కొక్కెపు దుప్పటియని గిన్నీసు సంస్థ గుర్తించినది. పిదప దానిని విడదీసి పేదలకు పంచవలెనని వారి సంకల్పము. పెద్దదైన దుప్పటి పరిశీలకునకు. చిన్నవైన దుప్పట్లు చలిలో నున్నవానికి. ముక్క లన్నియు ఒకే కొలతతో ఉండుటచేతనే కలుపుటయు, విడదీయుటయు సాధ్యమైనవి.

యుద్ధములు లేని దినములలో, వెచ్చని నేలపై, మేజోటితో ప్రాణావసరమైన పని యేమైన గలదా? కలదు. నెలలు నిండకముందే పుట్టిన శిశువు, రెండున్నర కిలోలకన్న తక్కువ తూకముతో పుట్టిన శిశువు, తన యొంటి వేడిని తాను నిలుపుకొనలేదు. ఒంట క్రొవ్వు తక్కువ, చర్మము పలుచన. పెద్దలకు హాయిగా తోచు గాలియే ఆ శిశువునకు చలియగును. వేడి తగ్గిన శిశువు పాలు త్రాగలేదు. పాలు త్రాగని శిశువు మరింత చల్లబడును. దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున 1978వ సంవత్సరమున వైద్యులు ఒక సులభమైన యుపాయమును ఆచరణలో పెట్టిరి. వేడిపెట్టెలు చాలనందున వారు శిశువును తల్లి ఱొమ్మునకు చర్మము చర్మమునకు తాకునట్లు కట్టియుంచిరి. కంగారూ తన పిల్లను సంచిలో మోయునట్లుండుటచే దానికి 'కంగారూ తల్లి సంరక్షణ' అని పేరు వచ్చినది. మన దేశపు ఆసుపత్రులలోను ఈ పద్ధతి అనుసరింపబడుచున్నది. అట్లు కట్టినపుడు శిశువునకు ఉండదగిన వస్త్రములు మూడే: తలకు టోపి, నడుమునకు గుడ్డ, పాదములకు మేజోళ్ళు.

ఆ మేజోడు బొటనవ్రేలంత పొడవుండును. ఓపికతో కూర్చున్నచో ఒక దినములోనే జత యల్లవచ్చును. కాని చిన్నదనుకొని యేమరరాదు. మెత్తని నూలు వాడవలెను. గరుకైన గొంగళి ఉన్ని శిశుచర్మమునకు తగదు. లోపలివైపున దారపు కొనలు వ్రేలాడరాదు. అట్టి దారము శిశువు వ్రేలికి చుట్టుకొన్నచో రక్తప్రసారము నిలిచి వ్రేలికే ముప్పు వచ్చును. పైయంచు బిగువుగా నుండరాదు. ఉదికి, ఎండబెట్టి, మడచి ఇయ్యవలెను. అన్నిటికన్న ముందు ఆసుపత్రివారి నడిగి, వారికి కావలసిన దేమో, ఎన్ని కావలెనో తెలిసికొనవలెను. అక్కఱలేని వస్తువును రాశిగా ఇచ్చుట ఇచ్చువాని తృప్తికే గాని పుచ్చుకొనువాని మేలునకు గాదు. శిశువు కృతజ్ఞత చెప్పదు. అల్లినవారి పేరు తెలిసికొనదు. కొలది వారములలో పాదము పెరిగి మేజోడు పట్టదు. ఆ మేజోడు పట్టకపోవుటయే దాని ప్రయోజనము నెరవేరుట.

లెక్క చూచిన చేతి మేజోడు నష్టపు బేరమే. దారము వెలకే అంగడిలో యంత్రపు మేజోళ్ళు రెండు మూడు జతలు లభించును. అయినను లోకమున చేతి యల్లిక యంతరింపలేదు. యంత్రము పాదపు పరిమాణమును మాత్రమే యెఱుగును. చేయి పాదము గల మనుష్యుని తలచును. అల్లినంతసేపు ఆ తలంపు నిలుచును. నలువురు కూడి అల్లినచో ఆ తలంపు నలువురిని కలుపును. ఒక్కొక్క ఉచ్చును తన క్రింది ఉచ్చును పట్టుకొని, పై ఉచ్చునకు తావిచ్చుటవలన మేజోడు నిలుచుచున్నది; మనుష్యుల సంఘమును ఆ తీరుననే నిలుచుచున్నది.

ప్రశ్నలు

1. నేతకును అల్లికకును గల భేదమును వివరింపుము.
2. కందకములలోని సైనికులకు నూలు మేజోళ్ళకన్న ఉన్ని మేజోళ్ళు మేలగుటకు కారణమేమి?
3. గాంధీమహాత్మునకును సరోజినీదేవికిని స్నేహము కుదిరిన విధమును నీ సొంతమాటలలో వ్రాయుము.
4. అంగుళమునకు 6 ఉచ్చులు పడునట్లు అల్లు బాలిక 8 అంగుళముల చుట్టుకొలత గల మేజోటికి ఎన్ని ఉచ్చులతో మొదలిడవలెను?
5. నరసాపురపు లేసు పనివారి కథవలన తెలియవచ్చు నీతి యేమి?
6. మీ యూర పలువురు కలసి కూర్చుండి చేయు చేతిపని నొకదానిని గూర్చి పది వాక్యములు వ్రాయుము.